నీళ్ళు రాకముందు గీసిన ఊరు

ఉద్యోగం అంటే ఇదీ

ఊళ్ళోకి వెళ్ళి, నలుగురిని కూర్చోబెట్టి, “మీ ఊరు రేపు ఎట్లా ఉండాలనుకుంటున్నారు?” అని అడగడం. నా ఉద్యోగం ఇదీ. ఇందుకు సర్కారు నెలనెలా జీతం ఇస్తుందంటే, నరసరావుపేట స్టేషన్లో గూడ్సు క్లర్కుగా పనిచేసిన మా నాయన చివరిదాకా నమ్మలేదు. “అడిగినదానికి నీకు జీతమిస్తే, మరి చెప్పినవాళ్ళకేమిస్తారే?” అనేవాడు.

యాభైల చివర్లో మాచర్ల వైపు ఒక బ్లాకులో ముఖ్యసేవికగా చేరాను. ముఖ్యసేవిక అంటే ఊళ్ళల్లో ఆడవాళ్ళకు సంబంధించిన పనులు చూసే ఉద్యోగిని. బాలవాడీలు పెట్టించాను. కుట్టు నేర్పించాను. పొగరాని పొయ్యిలు వేయించాను. ఆ పొయ్యిలు చాలా ఇళ్ళల్లో కోడిపెట్టలు పొదగడానికి బ్రహ్మాండంగా పనికొచ్చాయి. ఇప్పుడు నవ్వొస్తోంది గాని, అప్పట్లో ఏడుపొచ్చింది.

ఈ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి సలహాలు అడుగుతుంటారు. వాళ్ళ సంచుల్లో రంగురంగుల మ్యాపులు, నోట్లో ‘ప్రజల భాగస్వామ్యం’ అనే మాట. ఆ మాట మా బ్లాకుదాకా రాకముందే మేం ఆ పని చేశాం, అదీ ముగ్గుపిండితో! నా బదిలీలు, ప్రమోషన్లు ఎవరికీ అక్కర్లేదు. ఒక ఊరి సంగతి చెబితే చాలు, ఈ పనిలో ఉన్న మజా అంతా అందులోనే ఉంది. ఆ ఊరు మాచర్లకూ గురజాలకూ మధ్యన ఉంది. పేరు మాత్రం చెప్పను. చెబితే వాళ్ళ మనవలు బస్టాండులో నన్ను నిలేసి, మా తాత అట్లా అనలేదని పోట్లాటకు దిగుతారు.

గోడకు తగిలించిన పటం

అప్పటికి కృష్ణ మీద సాగర్ డ్యాము లేస్తోంది. కుడి కాలువ పల్నాడులోకి వస్తుందని, మెట్టంతా మాగాణి అవుతుందని ఎక్కడ చూసినా అవే మాటలు. నమ్మినవాళ్ళు తక్కువ. నమ్మనట్టు పైకి నటిస్తూ లోలోపల ఉబ్బితబ్బిబ్బవుతున్నవాళ్ళు ఎక్కువ. జొన్న, వరిగ, ఆముదం తప్ప ఇంకొకటి ఎరగని నేల అది. ఎండాకాలం వస్తే బిందెడు నీళ్ళకోసం ఆడవాళ్ళు చేదబావి దగ్గర పడిగాపులు పడేవాళ్ళు. అట్లాంటి చోటికి కృష్ణ నడిచి వస్తుందట! ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరించేది. నేనూ ఈ నేల పిల్లనే కదా.

నీళ్ళు వస్తే ఊరు పెరుగుతుంది. బడి ఎక్కడ కట్టాలి, రోడ్డు ఎటు వెయ్యాలి, కొత్త ఇళ్ళు ఏ దిక్కున రావాలి, ఇవన్నీ ముందే అనుకొని ఊరూరికీ ఒక ప్లాను తయారుచెయ్యమన్నారు. ప్లానుకు గ్రామసభ చేత ఔననిపించుకొని రమ్మన్నారు.

మా బ్లాకు అధికారి బి.డి.ఓ. గారు రెవెన్యూ శాఖ నుంచి వచ్చిన మనిషి. చేతివాటం లేదు. సొంత పనికి ఏనాడూ జీపు ఎక్కలేదు. కాని ఆయన దృష్టిలో జనమంటే అర్జీదారులు. వాళ్ళు అడుగుతారు, మనం మంజూరు చేస్తాం, లేదా కొట్టేస్తాం. మనమే వెళ్ళి జనాన్ని అడగడమంటే ఆయనకు అదో తలకిందుల వ్యవహారం. అందుకని గుంటూరులో గీయించిన బ్లూప్రింటు తెచ్చి ఆ ఊరి బడి గోడకు తగిలించి, చేతికర్రతో ఒక్కొక్కటీ చూపిస్తూ ఓపిగ్గా వివరించారు. మగవాళ్ళు చేతులు కట్టుకొని కూర్చున్నారు. ఆడవాళ్ళు కిటికీల అవతల నిలబడ్డారు. ఆఖర్న ఆయన, “అభ్యంతరాలేమైనా ఉన్నాయా?” అని అడిగారు.

పంచాయతీ ప్రెసిడెంటు రామకోటయ్య గారు లేచి, “తమరు పెద్దలు. తమరెట్టంటే అట్టనే” అన్నారు. సభ మొత్తం చప్పట్లు కొట్టింది. బి.డి.ఓ. గారు నావైపు తిరిగి, “చూశావా అమ్మా, ఏకగ్రీవం!” అన్నారు.

నేను మంచినీళ్ళకోసం బడి వెనక్కు వెళ్ళాను. అక్కడ నలుగురు రైతులు బీడీలు ముట్టించుకొని పగలబడి నవ్వుతున్నారు.

“వాగును తీసకపోయి గుడెనకాల పెట్టాడ్రా!”

“ఆ రోడ్డు చూశావా? తిన్నగా మా బావ దొడ్లోకి పోయి గేదె కాడ ఆగింది.”

“మరి ఈ మాట లోపల చెప్పొచ్చు కదా?” అన్నాను.

నలుగురూ బీడీలు వెనక దాచుకున్నారు. వాళ్ళల్లో పెద్దాయన, “ఆయన అడిగింది అబ్యంతరాలు గదమ్మా. పెద్దమనిషి కష్టపడి గీసుకొచ్చినదానికి వంకలు పెడితే ఏం మర్యాద?” అన్నాడు.

సభలో మౌనాన్ని అంగీకారమని రాసుకున్న ప్రతి అధికారీ మోసపోయినట్టే. మావాళ్ళు అడిగితే చెప్పరు, కాని తప్పు కళ్ళబడితే ఊరుకోలేరు. ఇంకేం, నాకు దారి దొరికింది! ఆ సాయంత్రం జీపులో బి.డి.ఓ. గారు ఏకగ్రీవం గురించి మాట్లాడుతుంటే, నేను ఎప్పుడు తెల్లవారుతుందా అని చూస్తున్నాను.

కళ్ళం మీద ముగ్గు

కోతలై, నూర్పిళ్ళై, ఊరి కళ్ళం ఖాళీగా ఉంది. పేడతో అలికిన ఆ నేల చూస్తే ఎవరికైనా ముగ్గు పెట్టాలనిపిస్తుంది. పల్నాడులో ముగ్గురాయికి కొదవేమీ లేదు. ఓ గంపెడు పిండి తెప్పించుకొని, నడుముకు కొంగు దోపుకొని నేనే గీయడం మొదలుపెట్టాను. గుడిని కావాలనే తప్పు దిక్కున పెట్టాను.

రామకోటయ్య గారి తల్లి సుబ్బమ్మ గారు అటుగా పోతూ ఆగింది. ఊరంతా ఆమెను పెద్దమ్మ అంటుంది. ఆమె నోటికి భయపడని మనిషి ఆ ఊళ్ళో లేడు, కొడుకుతో సహా.

“ఏందమ్మా నువ్వు గీసేది?”

“మీ ఊరు, పెద్దమ్మా.”

“గుడి ఆడుంటే మరి ఈడున్నదేంది? కూలిపోయిందా? ఇటియ్యి!” అని నా చేతిలోంచి పిండి లాక్కుంది.

అంతే! చేదబావి దగ్గర ఉన్నవాళ్ళంతా బిందెలు దించి వచ్చారు. ఒకామె బొగ్గుపొడితో బాటలు గీసింది, ఇంకొకామె ఇటికపొడితో ఇళ్ళు పెట్టింది. అన్నాలకు ఆలస్యమైందని కేకలేస్తూ వచ్చిన మగవాళ్ళు, కళ్ళం గట్టుమీద నిలబడి పటం చూశారు. “మా ఇంటి మొగం తూర్పుకైతే పడమట పెడతారేంది?” అని ఒకాయన, “ఆ డొంక అంత ఎడల్పు ఎక్కడిది?” అని ఇంకొకాయన. తప్పు కళ్ళెదుట పెట్టుకొని సరిదిద్దకుండా పోగలిగిన మగవాడు పల్నాడులో ఇంకా పుట్టలేదు. పొద్దు వాలేసరికి తలపాగాలు తీసి పక్కన పెట్టి, అందరూ నేలమీద గొంతుక్కూర్చొని ఉన్నారు. నిన్న బడిలో నోరు మెదపని ఊరు ఇదేనా అని నాకే ఆశ్చర్యం వేసింది.

అప్పుడే గడ్డిమోపుతో ఒక మనిషి వచ్చి కళ్ళం అంచున ఆగింది. పేరు దీనమ్మ. ఊరికి దిగువన, వాగు పక్కన పల్లంలో క్రైస్తవ కూలీల ఇళ్ళున్నాయి. దాన్ని పల్లె అనేవారు. దీనమ్మది ఆ పల్లె. ఆమె భర్త యేసోబు డ్యాము దగ్గర రాళ్ళు పేర్చే మేస్త్రీ. ఆమె కూడా ఇక్కడ పని లేనప్పుడు వెళ్ళి అక్కడ రాయి మోసేది. మోపు దించకుండానే పటమంతా కలియజూసి నన్ను అడిగింది.

“అమ్మా, అన్నీ పెట్టారు. మా పల్లె ఏదీ?”

ఎవరూ పల్లెను పెట్టలేదు. మరచిపోయారని కూడా అనలేను, ఊరు గీయమంటే వాళ్ళకు తోచింది అంతవరకే. నేను ఇటికపొడి దోసిట్లో తీసుకొని, “నువ్వే పెట్టు, రా” అన్నాను. ఆమె సుబ్బమ్మ గారి వంక చూసింది. సుబ్బమ్మ గారు ముక్కు ఎగబీల్చి, “చూస్తావేమే? రా, రా. చీకటి పడతంది” అంది.

దీనమ్మ వచ్చి కూర్చుని, ఇళ్ళకంటే ముందు వాగు ఒడ్డున సమాధుల దొడ్డి పెట్టింది. అదేమని అడిగాను. “ఇళ్ళదేముందమ్మా, కాలిపోతే మళ్ళీ ఏసుకుంటం. అయ్యి కదలవు గదా” అంది. ఈస్టరు నాడు చీకటితోనే పల్లె మొత్తం అక్కడికి వెళ్ళి, సున్నం వేసిన సమాధులమీద కొవ్వొత్తులు పెట్టి పాటలు పాడేవాళ్ళు. ఆ దొడ్డి చివర్న ఆమె ఒక చిన్న చుక్క పెట్టి, దానిమీద అరచెయ్యి కాసేపు ఉంచింది. సుబ్బమ్మ గారు నా చెవిలో, “దాని కూతురు. అమ్మవారు పోసి పోయింది” అంది.

మూడు ప్లాన్లు వేసినా, ముప్పై ప్లాన్లు వేసినా, మీరు ఊళ్ళో బతికున్నవాళ్ళ సంగతే అడుగుతారు. చనిపోయినవాళ్ళు ఎక్కడున్నారని కూడా అడగండి. గుంటూరు బ్లూప్రింటులో ఆ దొడ్డి లేనే లేదు.

అందరి గుమ్మం ముందూ కాలువే

మర్నాడు పిండిలో నీలిమందు కలిపి తీసుకెళ్ళాను. “కుడి కాలువ నుంచి మీ ఊరికి పిల్లకాలువ వస్తుంది. ఏ దారిన రావాలో మీరే గీయండి” అన్నాను.

అబ్బ, ఆ సంబరం చూసి తీరాలి! ఒకాయన కాలువను తన ఇంటి అరుగు పక్కనుంచి పోనిచ్చాడు. “పొద్దున్నే లేచి అరుగుమీద కూకోనే మొగం కడుక్కుంటా” అన్నాడు. పక్కింటాయన దాన్ని చెరిపి తన గుమ్మం ముందుకు తిప్పుకున్నాడు. సుబ్బమ్మ గారు ఎవరినీ అడగకుండా ఏకంగా తన వంటింటి వెనకనుంచి లాగింది. పల్లెవాళ్ళు తమ ఇళ్ళ మధ్యనుంచే గీసుకున్నారు. మధ్యాహ్నానికి ఊరంతా నీలిగీతలే. నీళ్ళకోసం మొహం వాచినవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు అది. నిజం చెప్పొద్దూ, నాకూ అందులో తప్పేమీ కనపడలేదు. గుమ్మం ముందు నీళ్ళు పారుతుంటే వద్దనే ఆడది ఉంటుందా?

అప్పుడు బి.డి.ఓ. గారి జీపు వచ్చింది. “ఏమిటమ్మా ఈ పేరంటం?” అంటూ కోపంగా దిగారు. దగ్గరికి వచ్చి పటం చూశారు. చూస్తూ చూస్తూ చుట్టూ తిరిగారు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు, గీతలు చెరిగిపోతాయని. ఆయన ఉద్యోగం మొదట్లో డెల్టాలో పనిచేశారు. వరదలు, మురుగు, దోమలు అన్నీ చూసిన మనిషి.

“బాగుంది. ఇన్ని నీళ్ళు వస్తాయి సరే. వాడుకోగా మిగిలినవి ఎటు పోతాయి?” అన్నారు.

నీళ్ళు మిగలడమనేది ఆ ఊళ్ళో ఎవరి ఊహకూ అందని సంగతి. “మిగలటమేందండీ, తాగేస్తది నేల” అని ఒకాయన నవ్వాడు.

బి.డి.ఓ. గారు నన్ను పక్కకు పిలిచి, “చెబితే నమ్మరమ్మా. తీసుకెళ్ళి చూపించు. లారీ నేను మాట్లాడతాను” అన్నారు. ఆయనమీద నాకున్న ఫిర్యాదులన్నీ ఆ క్షణంలో మాఫీ చేసేశాను. పై అధికారి మీకు ఒక్క మంచి ప్రశ్న ఇచ్చి, దానికి వెంటనే ఒక లారీ కూడా ఇస్తే, అంతకంటే కోరుకోవలసింది లేదు.

ఒకే లారీ

బాపట్ల అవతల ఒక డెల్టా ఊరు చూడటానికి బయల్దేరాం. రామకోటయ్య గారు లారీని, పల్లెవాళ్ళనూ చూసి, నసుగుతూ, “రెండు లార్లయితే బాగుండేది గదమ్మా” అన్నారు.

“ఒకటే ఇచ్చారండీ. ఇబ్బంది అనుకున్నవాళ్ళు ఉండిపోవచ్చు” అన్నాను.

ఒక్కరూ ఉండిపోలేదు. ముందువైపు ఊరు, వెనకవైపు పల్లె, మధ్యలో నేనూ సద్దిమూటలూ. అందరికంటే ముందు ఎక్కింది సుబ్బమ్మ గారే.

డెల్టాలో దిగగానే మావాళ్ళకు పిచ్చెక్కినంత పనైంది. కనుచూపు మేరా రెండో పంట, పచ్చటి వరి! ఒక ముసలాయన చెప్పులు వదిలేసి బురదలోకి దిగి, మోకాళ్ళదాకా కూరుకుపోయి, “ఒరేయ్, నేల మెత్తగా ఉందిరా!” అని చిన్నపిల్లాడిలా అరిచాడు. నాకు నవ్వూ కన్నీళ్ళూ ఒకేసారి వచ్చాయి. మాకు కొత్తబియ్యం అన్నం పెట్టారు. మావాళ్ళు తినడం చూసి, వడ్డించే ఆమె మళ్ళీ ఎసరు పెట్టింది.

భోజనాలయ్యాక ఒక రైతు మమ్మల్ని ఊళ్ళో తిప్పాడు. కాలువ పక్కన ఇళ్ళల్లో తేమ గోడల్లో మనిషెత్తుదాకా పాకి ఉంది. సుబ్బమ్మ గారు వేలితో తాకితే మట్టి ఊడి చేతిలోకి వచ్చింది.

“మరి కాలవ పక్కన ఇల్లు కట్టుకుంటే హాయి గదయ్యా?” అని అడిగింది.

“బాబోయ్! మా తాత ఆ ముచ్చటపడే కట్టాడండి. మేం పారిపోయి దిబ్బమీద కట్టుకున్నాం. కాలవ వచ్చిన చాన్నాళ్ళకి గాని మురుక్కాలవ తవ్వలేదు. అప్పటిదాకా ఊరు ఊరంతా ఊటేనండి. మంచాల కిందే కప్పలు అరిచేవి.”

దీనమ్మ వెనకనుంచి మెల్లగా, “అయ్యా, మీ సమాదులు యాడున్నయ్?” అని అడిగింది.

ఆయన గట్టుమీద ఎత్తుగా ఉన్న చోటు చూపించాడు. “మునుపు పల్లంలో ఉండేవమ్మా. గొయ్యి తవ్వితే నీళ్ళు ఊరేవి. చేదతో తోడి తోడి దించేవాళ్ళు. ఇక లాభం లేదని పైకి మార్చుకున్నారు.”

తిరుగుదారిలో అకాలవాన పట్టుకుంది. ఉన్నది ఒకటే టార్పాలిన్. దాని కింద ముందూ వెనకా అనేది ఏమీ లేకుండా పోయింది. అందరూ ఒకరి భుజం ఒకరికి ఆనించుకొని కూర్చున్నారు. దీనమ్మ నా పక్కన ఉంది. “అమ్మా, నీళ్ళు రాకముందే మమ్మల్ని మెరకెక్కించాల. వచ్చిందాకా ఆగితే మాకు సెంటు జాగా ఎవరిస్తరు?” అంది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఊరికి ఉత్తరాన పోరంబోకు మెరక ఉంది. రాళ్ళనేల, గొర్రెలు తప్ప ఎవరూ వెళ్ళేవారు కాదు. నీళ్ళు రాకముందు దాన్ని ఇళ్ళస్థలాలుగా పల్లెకు రాయించగలిగితే పల్లె బతుకుతుంది. నీళ్ళు వచ్చాయంటే ప్రతి అడుగుకూ పదిమంది పోటీ పడతారు, పల్లె ఆ పల్లంలోనే ఊటలో నానుతుంది. బి.డి.ఓ. గారు పాత తీర్మానం పక్కన పెట్టి మళ్ళీ పిలిచిన గ్రామసభకు ఇంకెన్నో రోజులు లేవు.

నీళ్ళు పోయే దారి

ఈసారి గ్రామసభ బడిలో కాదు, కళ్ళం మీదే పెట్టాం. పటం కొత్తగా గీశారు. అందరూ తమ గుమ్మాల ముందు కాలువలు తామే చెరుపుకొని, ఊరికి ఎగువన ఒక్క నీలిగీత గీశారు. ఎవరూ చెప్పకుండానే! నా ఉద్యోగంలో అంత సంతోషం నాకు మళ్ళీ ఏ ఉత్తరువు చూసినా కలగలేదు.

మెరక సంగతి వచ్చేసరికి రామకోటయ్య గారు గొంతు సవరించుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఊరికోసం జేబులోంచి తీసి పెట్టిన మనిషి. కాని రైతు. నీళ్ళొస్తే పల్లంలో భూమి బంగారమవుతుందని డెల్టా చూసి వచ్చాక ఆయనకు బాగా తెలిసింది. ఆయన చేలు సరిగ్గా పల్లె పక్కనే ఉన్నాయి.

“మెరక పల్లెకే ఇద్దాం. ఆడ కడదామనుకున్న గోదాములు ఇంకోచోట కట్టుకుంటాం. కాకపోతే, ఆ పల్లం ఊరికి వదిలెయ్యాల. అదీ న్యాయం” అన్నారు.

ఊరికి వదలడమంటే చివరికి ఎవరి చేతికి వెళుతుందో అందరికీ తెలుసు. పల్లెవాళ్ళు తలలు దించుకున్నారు. నేను లేచి నోరు తెరవబోతే, బి.డి.ఓ. గారు కళ్ళతోనే ఆగమన్నారు. ఆగడం నా వల్ల కాని పని, అయినా ఆగాను. మీకు కూడా అదే చెబుతున్నాను. వాళ్ళ ఊరి తగువులో మీరు ముందు మాట్లాడితే అది మీ తగువు అయిపోతుంది.

“మరి మురుక్కాలవ ఎట్టా పోద్ది?” అని ఆడవాళ్ళల్లోంచి సుబ్బమ్మ గారు అడిగింది. “వాలంతా పల్లె మీదుగానే గదా వాగులోకి.”

“పోద్దిలే అమ్మా, చూద్దాం.”

“ఏం చూస్తావురా? ఆడ నువ్వు మడి కట్టి గట్టేస్తావు. ఆ మురుగంతా ఎనక్కి తన్ని నా పొయ్యికాడికొస్తది. ఆ గోడలు చూళ్ళా నువ్వు? వేలు పెడితే ఊడొచ్చినయ్!”

సభ గొల్లుమంది. రామకోటయ్య గారి మొహం ఎర్రబడింది. ఆ నవ్వు ఆగకముందే దీనమ్మ లేచింది. గీతలకోసం తెచ్చిపెట్టిన బూడిద గంప తీసుకొని పటం మధ్యలోకి నడిచింది.

“అయ్యా, మురుక్కాలవకు దారి మా పల్లం ఇచ్చిద్ది. పల్లెలో అందరం అనుకున్నం. కాలవకు పోయిన నేల వరకే ఊరిది. మిగిలింది మాదే, ఈడ మేమూ నాలుగు మళ్ళు ఏసుకుంటం. మెరక మీద ఇళ్ళు మాకు రాయండి. సమాదులకు కూడా ఆడే చోటియ్యండి” అంది.

వంగి, ఊరి దిగువ అంచునుంచి బూడిద పోసుకుంటూ గీత లాగింది. వాలు ఎటుందో ఆమెకు తెలుసు, అక్కడ ప్రతి వానకూ నీళ్ళు పారడం చూసిన మనిషి. గీత పల్లె ఇళ్ళు దాటింది. సమాధుల దొడ్డి చివరికి వచ్చింది. అక్కడ ఆ చిన్న చుక్క ఉంది. ఆమె చెయ్యి ఆగింది.

“ఇది నా పిల్ల” అంది, ఎవరితోనూ కాదన్నట్టు. తర్వాత బూడిద దానిమీదుగా పోసి గీతను వాగులో కలిపింది.

సుబ్బమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కళ్ళు కనపడటం లేదు. రామకోటయ్య గారు లేచి ఆ గీత దగ్గరికి వచ్చారు. కండువా తీసి మొహం తుడుచుకొని, బి.డి.ఓ. గారితో, “రాసుకోండి. మెరక పల్లెకు. పల్లం వాళ్ళదే” అన్నారు.

ఆ రోజు తీర్మానం బి.డి.ఓ. గారు స్వయంగా, తన చేత్తో రాశారు. ‘ఏకగ్రీవం’ అని రాయబోయి ఆగి, నావైపు చూసి నవ్వారు. “ఇప్పుడు రాయొచ్చా అమ్మా?” అన్నారు. నేను గట్టిగా “రాయండి సార్!” అని అరిచాను. సభలో ఆఫీసరు దగ్గర అరవకూడదని అప్పుడు గుర్తే లేదు.

వంకర

కొన్నేళ్ళకు నీళ్ళు వచ్చాయి. ఆ రోజు ఆ ఊళ్ళో పసిపిల్లల్ని కూడా ఎత్తుకొని కాలువ గట్టుకు పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను, చీర తడిసిపోయేదాకా నీళ్ళల్లో నిలబడ్డాను. మెరక మీద నాపరాళ్ళ గోడలతో పల్లె ఇళ్ళు లేచి ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ళల్లో ఊటతో గోడలు కూలుతుంటే, ఈ ఊరు పొడిగా నిలబడింది. దిగువన దీనమ్మ వాళ్ళు వరి నాట్లు వేశారు.

ఆ తర్వాత వచ్చిన ఒక కుర్ర ఇంజనీరు మురుగుకాలువ చూసి నన్ను అడిగాడు. “అంతా తిన్నగా తవ్వి, వాగు దగ్గర ఒక్కచోట ఎందుకు మేడమ్ అట్లా మెలికతిప్పారు? కొలత తప్పిందా? సరిచేయిస్తాను.” చెయ్యవద్దని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. పటంలో మీకు అర్థంకాని వంకర కనపడితే చెరపకండి. ఆ ఊరికి వెళ్ళి ముందు అడగండి.

నీళ్ళు రాకముందు ఎండాకాలంలో, శ్రమదానం కింద ఊరూ పల్లే కలిసి ఆ కాలువ తవ్వారు. దొడ్డి దాకా తవ్వకం వస్తోందని తెలిసి దీనమ్మ డ్యాము పనికి వెళ్ళిపోయింది. అది కళ్ళతో చూడలేనని నాతో చెప్పే వెళ్ళింది. వారం చివర్న యేసోబుతో కలిసి తిరిగి వచ్చింది. నేను కూడా అప్పుడు గట్టుమీదే ఉన్నాను.

కాలువ వాగుదాకా వెళ్ళిపోయింది. కాని దొడ్డి చివరికి వచ్చేసరికి పక్కకు తిరిగి, చిన్న సమాధిని చుట్టుకొని, మళ్ళీ తన దారిలో పడింది. సమాధి సున్నం కూడా చెదరలేదు. దాని చుట్టూ తవ్విన గోతిలో రామకోటయ్య గారు, పంచె ఎగగట్టుకొని, పారతో నిలబడి ఉన్నారు.

దీనమ్మ గట్టుమీద నిలబడిపోయింది. “ఇదేంది అయ్యా? కాలవ వంకర పోయింది” అంది.

“పోతే పోయింది. నీళ్ళకు వంకరైతే ఏందంట, పోతయ్‌లే” అన్నారాయన, తలెత్తకుండా.

యేసోబు చొక్కా విప్పి పక్కన పెట్టి, రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు. డ్యాము దగ్గర పేర్చినట్టే ఆ మలుపుకు రాతికట్టు కట్టాలని. దీనమ్మ తలగుడ్డ చుట్టచుట్టి నెత్తిన పెట్టుకొని గోతిలోకి దిగింది. అక్కడ తట్ట ఎత్తడానికి దగ్గరలో ఇంకెవరూ లేరు. రామకోటయ్య గారు పార పక్కకు పెట్టి, మట్టితట్ట రెండు చేతులా ఎత్తి, ఆమె నెత్తిన పెట్టారు.